డివాస్టేటర్ రీఇష్యూ: సీల్ తియ్యడానికే కొనండి

పాత అచ్చుల్లోంచి మళ్ళీ తీసి అమ్ముతున్న కంబైనర్ రోబో బొమ్మల్లో (అంటే కొన్ని చిన్న రోబోలు కలిసి ఒక పెద్ద రోబో అయ్యేవి) ఒక్కటే కొనే వీలుంటే ఏది కొనమంటారని ఎవరైనా అడిగితే నేను డివాస్టేటర్ పేరే చెప్తాను. దీనికంటే అందమైనవి ఉన్నాయి, గట్టిగా నిలబడేవి ఉన్నాయి, చేతులూ కాళ్ళూ బాగా కదిలేవి బోలెడున్నాయి. అయినా ఆరు బండ్లు కలిసి ఒక రాక్షసుడు లేచి నిలబడే ఆ సరదా ఇందులో ఉన్నంత ముడిగా, మొరటుగా, సూటిగా ఇంకెందులోనూ నాకు దొరకలేదు.

నేను ఇక్కడ చెప్పేది జపాన్ కంపెనీ టకారా టోమీ పాత బొమ్మలని మళ్ళీ తీసే ఎన్‌కోర్ సిరీస్‌లో వచ్చిన సెట్ గురించి. కొత్తగా ఈ సరదాలోకి వచ్చినవాళ్ళ కోసం వెనకటి కథ కొంచెం. రూపం మార్చుకునే ఈ రోబో బొమ్మలకి ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరు 1984లో అమెరికాలో హాస్‌బ్రో పెట్టింది, కానీ అందులో చాలా బొమ్మలు అప్పటికే జపాన్‌లో టకారా అమ్ముతున్న డయాక్లోన్, మైక్రోమాన్ సిరీస్‌లలోవి. ఆకుపచ్చ, ఊదా రంగుల్లో ఉండే కన్‌స్ట్రక్టికాన్లు, అంటే డివాస్టేటర్‌గా కలిసే ఈ ఆరు రోబోలు, కూడా డయాక్లోన్ నుంచి వచ్చినవే, ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో 1985లో షాపుల్లోకి వచ్చాయి. స్క్రాపర్, హుక్, బోన్‌క్రషర్, స్కావెంజర్, మిక్స్‌మాస్టర్, లాంగ్ హాల్ — లోడర్, క్రేన్, బుల్డోజర్, తవ్వే యంత్రం, కాంక్రీట్ మిక్సర్, టిప్పర్ లారీ. ట్రాన్స్‌ఫార్మర్స్‌లో మొట్టమొదటి కంబైనర్ డివాస్టేటరే. అప్పట్లో ఆరింటినీ విడివిడిగా అట్టల మీద అమ్మేవాళ్ళు, డివాస్టేటర్‌కి కావలసిన ముక్కలు ఒక్కో ప్యాక్‌లో కొన్ని వచ్చేవి, అంటే ఆరూ కొంటే తప్ప పూర్తి బొమ్మ తయారవదు. వ్యాపారం తెలివి అంటే అదీ! ఒకేసారి ఆరూ ఉన్న గిఫ్ట్ సెట్ కూడా ఉండేది.

ఇక చేతిలోకి తీసుకుంటే. చిన్న రోబోలు ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడిపోతాయి. బండి నుంచి రోబోగా మార్చడానికి కాగితం చూడాల్సిన పనే ఉండదు, రెండు మూడు కదలికల్లో అయిపోతుంది. రోబోలుగా ఇవి అంత గొప్పగా ఏం ఉండవు, బిగదీసుకుని నిలబడతాయి. బండ్లుగా మాత్రం వంక పెట్టడానికి లేదు. నాకు అన్నిటికంటే నచ్చేది స్కావెంజర్: ఆ తవ్వే చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తూ కూర్చుంటే టైమ్ తెలీదు.

కలపడం దగ్గరే అసలు పని. మిక్స్‌మాస్టర్, స్క్రాపర్ కాళ్ళు, లాంగ్ హాల్ నడుము, హుక్ ఛాతీ భుజాలు, బోన్‌క్రషర్ ఎడం చెయ్యి, స్కావెంజర్ కుడి చెయ్యి. ముందు కాళ్ళు నిలబెట్టి, వాటి మీద నడుము ఎక్కించి, చివర్న చేతులు తగిలిస్తే పని తేలిగ్గా సాగుతుంది. చేతులు ముందే పెట్టేస్తే బరువు ఒక పక్కకి లాగి మొత్తం ఒరుగుతుంది. పిడికిళ్ళు, ఛాతీ కవచం, తగిలింపు ముక్కలు మాత్రం బండ్లలో దాక్కోవు, విడిగా తెచ్చి అతికించాల్సిందే. పార్ట్స్‌ఫార్మింగ్ అని కొందరు దీన్ని చిన్నచూపు చూస్తారు. నాకు అది అస్సలు ఇబ్బందిగా అనిపించదు, పైగా ఆఖరి పిడికిలి లోపలికి టక్కున దిగిన చప్పుడు వింటే పని పూర్తయిందన్న తృప్తి వస్తుంది. కాకపోతే ఆ ముక్కలన్నిటికీ మూత ఉన్న ఒక డబ్బా ఇప్పుడే కేటాయించుకోండి. ఒక్క పిడికిలి పోయిందంటే ఇక ఆన్‌లైన్‌లో విడి ముక్క కోసం వెతుక్కోవాలి, అది మీరు అనుకున్న ధరకి దొరకదు.

లోపాలు దాచను. నిలబడ్డ డివాస్టేటర్ మోకాళ్ళు వంగవు, నడుము తిరగదు. పోజులు పెట్టి ఫోటోలు తీసుకోవాలనుకునేవాళ్ళు దీని జోలికి పోకుండా ఈ మధ్య కొత్త డిజైన్‌తో వచ్చిన డివాస్టేటర్లు చూసుకోండి. ఇంకోటి, వీడి కాళ్ళూ చేతులూ ఒకదాని స్థానంలో ఇంకోటి పెట్టలేం, ఎవరి చోటు వాళ్ళదే. మరుసటి ఏడాది, అంటే 1986లో వచ్చిన సూపీరియన్, మెనాసర్, డిఫెన్సర్, బ్రూటికస్ అనే కంబైనర్లలో ఆ బంధం తెగిపోయింది, అన్నిటికీ ఒకే రకం జాయింట్ పెట్టడంతో ఏ చిన్న రోబోనైనా చెయ్యిగానో కాలుగానో తగిలించొచ్చు, శత్రువు టీమ్‌లో వాణ్ణి తెచ్చి మనవాడికి కాలుగా పెట్టినా అతుక్కుంటుంది. ఆడుకోవడానికి ఆ పద్ధతి ఎంతో మెరుగు, అందులో వాదన లేదు. కానీ ఆ సౌకర్యం కోసం రూపాలు కొంచెం ఒకే మూసలోకి వచ్చేశాయి. డివాస్టేటర్‌లో ఎడం చెయ్యి బుల్డోజర్ అని దూరం నుంచి చూసినా తెలుస్తుంది.

అసలు ఈ కలిపే బొమ్మలన్నిటికీ తాత 1976 నాటి కంబాట్లర్ వి. టీవీలో యంత్రాలు కలిసి రోబో అవడం 1974లో గెట్టర్ రోబో అనే కార్టూన్‌తోనే మొదలైంది గానీ, తెరమీద లోహం మైనంలా కరిగి ఆకారం మారిపోయేది, దాన్ని బొమ్మగా చెయ్యడం ఎవరి తరమూ కాదు. కంబాట్లర్‌లో ఐదు యంత్రాలు నిజంగానే బొమ్మలోనూ కలిసేలా ముందే ఆలోచించి గీశారు. పోపీ కంపెనీ దాన్ని జింక్ మిశ్రమ లోహంతో చేసి అమ్మింది. 1981 నాటి గోలయన్ కూడా అదే దారి, అమెరికాలో 1984లో వోల్ట్రాన్‌గా పేరు మార్చుకుని వెళ్ళిన ఐదు సింహాలు అవే. లోహం బొమ్మ చేతిలో ఉన్నప్పటి ఆ బరువు, చల్లదనం డివాస్టేటర్‌లో ఉండవు, ఇది చాలావరకు ప్లాస్టిక్. బరువు కావాలంటే ఇటు రాకండి.

మరి 1985 నాటి అసలుదే ఎందుకు కొనకూడదు? కొనండి, డబ్బులుంటే. కానీ స్టిక్కర్లు లేచిపోయి, ముక్కలు మాయమై, జాయింట్లు వదులై ఉన్నవే ఎక్కువ దొరుకుతాయి. అన్నీ ఉన్న సెట్ ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి. లేత రంగు పాత ప్లాస్టిక్ ఎండ తగిలితే పసుపెక్కిపోతుంది, ప్రొటెక్టోబాట్స్‌లో (డిఫెన్సర్‌గా కలిసే టీమ్) తెల్లగా ఉండాల్సిన ఫస్ట్ ఎయిడ్ లాంటివాళ్ళు టీ డాగు పడ్డట్టు కనిపించడం అందుకే. అంత ఖర్చు పెట్టాక ఎవరికైనా ఆడాలంటే టెన్షనే. రీఇష్యూతో ఆ బాధ లేదు, రోజూ విప్పి కలిపినా గుండె గుబగుబలాడదు. దాన్ని కూడా సీల్ తియ్యకుండా బీరువాలో పెట్టేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, కలపని కంబైనర్ ఏం కంబైనర్?

రీఇష్యూ అన్నంత మాత్రాన అన్నీ రావు అన్నది కూడా గుర్తుంచుకోండి. ఈ బొమ్మల అచ్చులు ఉక్కువి, వాడేకొద్దీ అరుగుతాయి, కొన్నిటిని మధ్యలో వేరే బొమ్మ కోసం చెక్కి మార్చేస్తారు, ఇక పాత ఆకారం తిరిగి రాదు. ఇదే కన్‌స్ట్రక్టికాన్లని 1992లో యూరప్‌లో పసుపు రంగులో అమ్మారు, కానీ కలిపే ముక్కలు ఇవ్వలేదు! ఆరు బండ్లు కొన్న పిల్లలు డివాస్టేటర్‌ని చెయ్యలేకపోయారు. పాత సెట్లు వెతికేటప్పుడు పసుపువి కనిపిస్తే ముక్కలున్నాయో లేదో అడగకుండా డబ్బు కట్టకండి.

నకిలీల సంగతి. డివాస్టేటర్‌కి ఉన్నన్ని నాకాఫ్‌లు చాలా తక్కువ బొమ్మలకి ఉంటాయి. బండ్ల అడుగున, కాళ్ళ లోపలి వైపున కంపెనీ పేరు, సంవత్సరం అచ్చులో పొదిగి ఉంటాయి, నకిలీల్లో అవి చెరిపేసి నున్నగా ఉండటం మామూలు. ఫోటోల్లో ఆ భాగం దగ్గరగా చూపించమని అడగండి. నేను కొన్నచోట ఆ ఫోటో అడిగితే వెంటనే పంపారు గానీ, పెట్టె మాత్రం ఒక మూల నలిగి వచ్చింది, ప్యాకింగ్‌లో ఒక్క బబుల్ షీట్ ఎక్కువ వేసి ఉంటే ఏం పోయేది? లోపల బొమ్మకి ఏమీ కాలేదు కాబట్టి గొడవ పెట్టుకోలేదు.

స్టిక్కర్లు మనమే అతికించుకోవాలి. మెత్తటి గుడ్డతో ప్లాస్టిక్ తుడిచి, ట్వీజర్‌తో ఒక మూల ఆనించి, సరిగ్గా ఉందనుకున్నాకే మిగతాది వేలితో నొక్కండి. మడత పడే చోట్ల అంచుకి కాస్త లోపలగా పెట్టండి, లేకపోతే మార్చినప్పుడల్లా రాసుకుని లేచిపోతాయి. ఒక్క కూర్చోవడంలో ఆరింటికీ అతికించాలని పట్టుబట్టకండి, కళ్ళు అలిసిపోయాక వేసినవి వంకరగా వస్తాయి.

నా లెక్కలో ఐదుకి నాలుగున్నర. ఆ తగ్గిన అర మోకాళ్ళకే. దీని తర్వాత బ్రూటికస్ తీసుకోండి, అందులో మొండెం అయ్యే ఆన్‌స్లాట్‌కి చిన్న రోబో స్విండిల్‌ని చెయ్యిగా ఒకసారి, కాలుగా ఒకసారి పెట్టి చూస్తే ఒక్క ఏడాదిలో కంబైనర్ల డిజైన్ ఎంత మారిందో మీ చేతులకే తెలుస్తుంది.