సర్వర్లలో ఫైల్ వెర్షన్ చూడాలంటే: షేర్ దారా, రిమోటింగా?

2017 మే 12న ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్ వన్నాక్రై విరుచుకుపడినప్పుడు శ్రీకాకుళంతో పాటు మన రాష్ట్రంలో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ ఆ దెబ్బ తగిలింది. విరుగుడు ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చి 14న ఇచ్చేసింది. "అప్‌డేట్లు వేశాం" అనడం వేరు, సర్వర్‌లో ఆ ప్యాచ్ మార్చే ఎస్‌ఆర్‌వి.సిస్ (srv.sys) ఫైల్ నిజంగా ఏ వెర్షన్‌లో ఉందో చూడడం వేరు. విండోస్ సర్వర్ 2008 ఆర్2లో అది కనీసం 6.1.7601.23689 అయ్యుండాలి. విజయనగరంలో కూర్చుని పలాస, టెక్కలి, ఇచ్ఛాపురం బ్రాంచీల సర్వర్లు చూసుకునేవాళ్లు ఒక్కోదాంట్లోకి లాగినై చూడలేరు. స్క్రిప్టు రాయాల్సిందే.

ఎక్కువమంది పట్టుకునేది సి డాలర్ (C$) షేర్, అంటే సర్వర్‌లోని సి డ్రైవ్‌ని అడ్మిన్‌కి నెట్‌వర్క్ మీదుగా చూపించే దారి. పవర్‌షెల్ (విండోస్‌లో స్క్రిప్టులు రాసే సాధనం)లో గెట్-ఐటమ్ అనే కమాండ్‌కి సర్వర్ పేరుతో సహా పాత్ ఇస్తే వెర్షన్ వచ్చేస్తుంది. అడ్మిన్ హక్కులు, ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు ఉంటే చాలు, అవతల ఏమీ సెట్ చేయక్కర్లేదు. ఒకే బిల్డింగులో ఉన్న సర్వర్లకి ఇది హాయి. కానీ ఫైల్‌ని చదివేది మన మెషిన్ కాబట్టి, లైన్ నెమ్మదిగా ఉంటే ప్రతి ఫైల్ దగ్గరా ఆగుతుంది. అంతకన్నా పెద్ద బెంగ ఇంకోటుంది. వన్నాక్రై ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి పాకింది ఆ 445 మీదుగానే. ప్యాచ్ పడిందో లేదో చూడ్డం కోసం బ్రాంచీల మధ్య అదే పోర్టు తెరిచి ఉంచడానికి నాకు మనసొప్పదు.

డబ్ల్యూఎంఐ (విండోస్ మెషిన్ వివరాల్ని దూరం నుంచి అడిగే పాత పద్ధతి) కూడా ఉంది. 135తో పాటు ఇంకా బోలెడు పోర్టులు అడుగుతుంది, ఫైళ్ల విషయంలో నిదానం. పాత స్క్రిప్టులు ఉన్నవాళ్లకి తప్ప కొత్తగా ఎంచుకోవద్దంటాను.

నా ఓటు పవర్‌షెల్ రిమోటింగ్‌కి. ఇన్వోక్-కమాండ్‌తో పంపితే స్క్రిప్టు ఆ సర్వర్‌లోనే నడిచి, జవాబు మాత్రం నాలుగు ముక్కల్లో తిరిగొస్తుంది. ఇచ్ఛాపురం లైన్ ఎంత సన్నగా ఉన్నా సరిపోతుంది. మామూలుగా ఒకేసారి 32 సర్వర్లకి వెళ్తుంది, ఏ జవాబు ఏ సర్వర్‌దో పేరుతో సహా ఇస్తుంది. తెరవాల్సిన పోర్టు 5985 ఒక్కటే. సర్వర్ 2012 నుంచీ ఇది ముందే ఆన్‌లో ఉంటుంది. 2008 ఆర్2లో మాత్రం మనమే ఆన్ చేసుకోవాలి.

ఏ దారిలో వెళ్లినా పోలిక దగ్గర జాగ్రత్త. వెర్షన్‌ని టెక్స్ట్‌గా పోలిస్తే 6.1.7601.9999 అన్నది 6.1.7601.23689 కన్నా పెద్దదైపోతుంది, ఎందుకంటే అక్కడ 2 కన్నా 9 పెద్దది. ప్యాచ్ పడని సర్వర్ కూడా రిపోర్టులో బాగున్నట్టు పచ్చరంగులో కనిపిస్తుంది, ఎవరూ మళ్లీ చూడరు. ఫైల్‌వెర్షన్ టెక్స్ట్‌లో అంకెల వెనక బిల్డ్ పేరు కూడా తగిలి ఉండొచ్చు, అప్పుడు దాన్ని వెర్షన్ టైప్‌లోకి (వెర్షన్లని అంకెలుగా పోల్చే రకం) మార్చబోతే ఎర్రర్. అందుకే మేజర్, మైనర్, బిల్డ్, ప్రైవేట్ అనే నాలుగు అంకెల్నీ విడిగా తీసుకుని, వాటితో వెర్షన్ కట్టి పోల్చాలి.

ఇంకొకటి. కరెంటు పోయో, లైన్ తెగో జవాబివ్వని సర్వర్ రిపోర్టులోంచి చప్పుడు లేకుండా జారిపోతుంది. ఎర్రర్లని విడి వేరియబుల్‌లో పట్టి "అందలేదు" అని వేరే జాబితా రాయించండి. ఆ జాబితా ఖాళీ అయ్యేదాకా చెక్ అయిపోయిందని పైవాళ్లకి చెప్పకండి.