సిరొంచ అడవిలో నిప్పుకు కాపలా కాసే టవర్

ముందు లాడ్జి సంగతి చెప్పాలి, ఆ కోపం ఇంకా తగ్గలేదు. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఒక లాడ్జి, ఫోన్‌లో ఏసీ గది 1,200 అన్నారు. సామాను దించాక 1,700 అడిగారు. ఏసీ పనిచేయదు, దుప్పటి నిండా బీడీ వాసన, వేడినీళ్లకు బకెట్‌కు 40 రూపాయలు వేరే. ఇదేమిటని అడిగితే కౌంటర్‌లో కుర్రాడు తల కూడా ఎత్తలేదు. నాన్న రాత్రంతా వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొద్దున టీ తాగేదాకా నాతో ఒక్క మాట లేదు.

ఆయన ఆదిలాబాద్ అడవుల్లో బీట్ గార్డుగా, అంటే అడవిలో ఒక భాగానికి కాపలాదారుగా చేసి రిటైరయ్యారు. అడవిలో నిప్పు రేగితే పైనుంచి కనిపెట్టే టవర్ చూడటానికి ఈ ప్రయాణం, ఆయన కోసమే. మంచిర్యాల నుంచి కారు కిరాయి రోజుకు 3,500, డీజిల్ మనదే. అల్లాపల్లి రోడ్డు నడుములు విరగ్గొట్టింది. టవర్ ఎక్కే పర్మిషన్‌కు ఇబ్బంది కాలేదు.

టవర్ మెట్ల దగ్గరికి రాగానే నాన్న ముఖం మారిపోయింది. కాపలా ఆయన యాభై దాటిన గోండు మనిషి, తెలుగు బాగా వచ్చు. "పైన గాలెక్కువ, జాగ్రత్త సార్" అంటే, "నాకు అలవాటే తమ్మీ" అని నాన్న నాకంటే ముందు ఎక్కేశారు.

ఇనుప టవర్ రాకముందు ఆ కాపలా ఆయన తండ్రి ఇదే గుట్ట మీద నల్లమద్ది చెట్టుకు మంచె కట్టుకుని కాసేవారట. పొగ లేస్తే డప్పు కొట్టాలి, వినపడకపోతే ఊరికి పరుగెత్తాలి. సిరొంచ అప్పట్లో సెంట్రల్ ప్రావిన్సెస్ అనే బ్రిటిష్ కాలపు రాష్ట్రంలోది. మన దేశంలో అడవిని నిప్పు నుంచి కాపాడే పని ఒక పద్ధతిగా మొదలైంది కూడా ఆ ప్రావిన్సులోనే, 1860లలో, ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని బోరి అడవిలో, పియర్సన్ అనే అధికారి చేతుల మీదుగా. ట్రైనింగ్‌లో నేర్చుకున్నది నాన్న గడగడా చెబుతుంటే కాపలా ఆయన నోరు తెరిచి విన్నారు.

టవర్ పైన రెయిలింగ్ చుట్టూ తెల్ల పెయింట్‌తో ఊళ్ల పేర్లు రాసి ఉన్నాయి. పొగ ఏ పేరుకు సూటిగా లేస్తే ఆ దిక్కు వాకీటాకీలో చెబుతారు. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు అంటిస్తే పొగ సన్నగా ఒక్కచోటే లేస్తుందట. తునికాకు చిగురు కోసం పొదలు కాలిస్తే వెడల్పుగా పాకుతుందట. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా 2004 నుంచి అడవి మంటల మీద శాటిలైట్ హెచ్చరికలు ఇస్తోంది, ఇప్పటి సెన్సర్ నేలను 375 మీటర్ల ముక్కలుగా చూడగలదు. కానీ శాటిలైట్ మన నెత్తి మీదికి వచ్చినప్పుడే కదా చూసేది! ఈయన పొద్దస్తమానం చూస్తూనే ఉంటారు. అలాంటి మనిషికి పని ఫైర్ సీజన్ వరకే, ఫిబ్రవరి 15 నుంచి జూన్ 15 దాకా. ఆ తర్వాత కూలికి పోవాలి. నాన్నకు ఇది అస్సలు మింగుడుపడలేదు, నాకూ అంతే.

మధ్యాహ్నం ఆయన గుడిసెలో అంబలి, ఎండుచేపల కారం పెట్టారు. ముందురోజు హోటల్లో 180 పెట్టి తిన్న చికెన్ థాలీ దీని ముందు దండగ. డబ్బులిస్తే తీసుకోలేదు. కారులో ఉన్న బియ్యం సంచీ, టార్చిలైటు నాన్న ఆయన చేతిలో పెట్టేశారు.

వెళ్లేవాళ్లు మార్చిలో వెళ్లండి. వానాకాలం వెళ్తే టవర్ ఉంటుంది, మనిషి ఉండడు. అగ్గిపెట్టె కారులోనే వదిలేయండి. రాత్రికి మాత్రం గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వచ్చేయండి, గది చూశాకే డబ్బు కట్టండి.