డౌన్ క్విల్ట్‌ని ఇంట్లో ఉతకడం: ఆరేళ్లు వాడాక నా అనుభవం

ఆరేళ్ల కిందట మా మరిది అమెరికా నుంచి వస్తూ ఒక డౌన్ క్విల్ట్ తెచ్చాడు. లోపల దూది కాదు, బాతు బూరు. కావలి ఎండలకు దీంతో ఏం పని అనుకున్నాం గానీ, ఏసీ గదిలో రోజూ అదే కప్పుకుంటున్నాం. ఇప్పటికి నాలుగుసార్లు ఇంట్లోనే ఉతికాను.

ఉతకడం తేలికే, ఆరబెట్టడమే అసలు పని. మొదటిసారి అది తెలియక కార్తీక మాసంలో తడిపాను. మర్నాడే వాన పట్టుకుంది. నాలుగు రోజులు ఫ్యాన్ కింద వేసినా లోపలి తడి పోలేదు. మా అత్తమ్మ దగ్గరికొచ్చి, "ఏంది మే ఇది, కోడికి వేన్నీళ్లు పోసి బూరు పీకుతున్నట్టుంది!" అనింది. నిజంగా అదే వాసన. అప్పటినుంచి మే నెలలో తప్ప తడపను.

మాది 8 కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్. క్విల్ట్ ఒక్కటే వేసి, 30 డిగ్రీలు పెట్టి, ఉన్ని బట్టల లిక్విడ్ కొంచెమే పోస్తాను. చాలా సబ్బు పొడుల్లో మాంసకృత్తుల మరకలను కరిగించే ఎంజైములుంటాయి. ఈక కూడా మాంసకృత్తే కదా, దాన్నీ వదలవు. సబ్బు మిగిలితే బూరు అతుక్కుపోతుంది, అందుకే రెండుసార్లు ఎక్కువ జాడిస్తాను. తీసేటప్పుడు మాత్రం కొస పట్టుకుని లేపకండి. తడి బూరంతా ఒక పక్కకు జారి ఆ బరువుకు లోపలి కుట్లు తెగుతాయి. మేం ఇద్దరం కలిసి టబ్బులో పెట్టి మేడెక్కిస్తాం.

మేడ మీద నులకమంచం వేసి, దానిమీద పరుస్తాను. కింద నుంచీ గాలి ఆడుతుంది. పైన పాత నేతచీర కప్పుతాను. మొదట్లో బూరు నిమ్మకాయలంత ఉండలు కడుతుంది. గంటకోసారి తిరగేసి, వేళ్లతో ఒక్కో ఉండా నలిపి విడదీయాలి. ఎండకు ఎత్తి చూస్తే ఉండలున్న చోట నల్లగా కనబడుతుంది. డ్రయ్యర్ ఉన్నవాళ్లు టెన్నిస్ బంతులు వేసి తిప్పుతారు, మాకు ఆ పని అరచేతులే చేస్తాయి. సాయంత్రం నాలుగింటికల్లా సముద్రపు గాలి తిరిగి తేమ మొదలవుతుంది, ఆలోపే లోపలికి తెచ్చేయాలి.

మొదటి రోజు సాయంత్రానికే చేతికి పొడిగా తగులుతుంది. నమ్మకండి. ఉతకబోయే ముందే సూట్‌కేసులు తూచే కాటాతో బరువు చూసి రాసిపెట్టుకోండి. మాది కిలో 900 గ్రాములు. పోయిన మేలో మొదటి సాయంత్రం 2 కిలోల 300 చూపించింది. అంటే 400 గ్రాముల నీళ్లు ఇంకా లోపలే ఉన్నాయి! మూడో రోజు మధ్యాహ్నానికి గానీ పాత బరువుకు రాలేదు.

మేడ, ఎండ, మూడు రోజుల ఓపిక ఉన్నవాళ్లు ధైర్యంగా ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. అపార్టుమెంటు బాల్కనీలో మాత్రం వద్దు. మాది ఇప్పటికీ మెత్తగా పొంగుతుంది, కాళ్ల వైపు కుట్ల మధ్య ఉన్న రెండు గళ్లు తప్ప. ఆ కార్తీకంలో మామూలు సబ్బు పొడి వేసి ఉతికినప్పుడు ఉండకట్టిన గళ్లు అవే.