యుద్ధంపై మాట మార్చిన నాయకుడా, మార్చనివాడా: ఎవరు మేలు?

ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచేవాళ్లకి కుర్సురా సబ్‌మెరైన్ దగ్గర గట్టే రచ్చబండ. మా బ్యాచ్‌లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు. ఒకాయన పోర్టులో చేసి రిటైరయ్యారు, కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. ఇంకొకాయన లెక్చరర్‌గా చేశారు, మా అందరికీ మాస్టారు. ఆయన కూతురు న్యూజెర్సీలో ఉంటుంది. పిల్లల పుణ్యమా అని ఒకరు రిపబ్లికన్ పక్షం, ఇంకొకరు డెమొక్రాట్ల పక్షం అయిపోయారు. పోయిన వారం ఇద్దరికీ మాటామాటా పెరిగింది. "మీ కెర్రీ ఇరాక్ మీద ఎన్నిసార్లు నాలుక మడతేశాడో లెక్కుందా మాస్టారూ?" అని ఈయన. "మరి మీ ట్రంప్ మాటేటి బావా?" అని ఆయన. నడక మానేసి అరగంట వాదించుకున్నారు.

ఇంటికొచ్చినా నన్ను ఆ గొడవ వదల్లేదు. రోడ్డు మీదో, పన్ను మీదో నాయకుడు మాట మారిస్తే ఆలస్యంగానైనా దిద్దుకోవచ్చు. యుద్ధం అలాంటిది కాదు. ఆయన మనసు మార్చుకునేసరికి ఎవరింట్లోనో దినం కూడా అయిపోయి ఉంటుంది. అందుకే మార్చడం మంచిదా, మార్చకపోవడం మంచిదా అన్నది పార్టీలకు అతీతంగా తేల్చుకోవాలనిపించింది.

ముందు ఇరాక్ సంగతే చూద్దాం. 2002 అక్టోబర్‌లో అమెరికా సెనేట్ 77–23 ఓట్లతో అప్పటి అధ్యక్షుడు, రిపబ్లికన్ అయిన బుష్‌కి యుద్ధం చేసే అధికారం ఇచ్చింది. ఆ 77 మందిలో 29 మంది డెమొక్రాట్లే. కాదన్న రిపబ్లికన్ ఒకే ఒక్కడు, లింకన్ చేఫీ. అంటే ఈ పాపం ఒక్క పార్టీది కాదు. ఆ తర్వాత, యుద్ధానికి కారణంగా చెప్పిన సామూహిక విధ్వంసక ఆయుధాలు ఇరాక్‌లో దొరకలేదు. అందరూ తలో దారి వెతుక్కోవడం అప్పుడే మొదలైంది.

2004లో బుష్ మీద అధ్యక్ష పదవికి పోటీ చేసిన డెమొక్రాట్ సెనేటర్ జాన్ కెర్రీ 2002లో అవునన్నారు. 2003లో యుద్ధ ఖర్చుకి 8,700 కోట్ల డాలర్ల బిల్లు వస్తే వద్దని ఓటేశారు. తర్వాత ఎన్నికల ప్రచారంలో, వద్దనే ముందు దానికి అనుకూలంగానే ఓటేశానని చెప్పి చిక్కుల్లో పడ్డారు. నిజానికి ఆ మాటకి అర్థం ఉంది. బాగా డబ్బున్నవాళ్లకి ఇచ్చిన పన్ను రాయితీలు తగ్గించి ఆ సొమ్ము తెద్దామన్న సవరణకి ఆయన సరేనన్నారు, అది లేని బిల్లుకి కాదన్నారు. కానీ ఆ సంగతి జనానికి అర్థమయ్యేలా చెప్పలేకపోయారు. తెరచాప కట్టిన పలక మీద ఆయన సముద్రంలో అటూ ఇటూ తిరుగుతున్న వీడియోతో బుష్ వర్గం ఒక ప్రకటన చేసింది, గాలి ఎటుంటే అటే అని. గాలివాటం మనిషి అన్న ముద్ర పడిపోయింది. నా లెక్కలో కెర్రీ తప్పు మాట మార్చడం కాదు. మొదట అవునని ఎందుకన్నారో, తర్వాత ఏం తెలిసి మారారో రెండు ముక్కల్లో చెప్పకపోవడం.

అప్పుడు సెనేటర్‌గా ఉన్న హిల్లరీ క్లింటన్‌దీ అదే ఓటు. 2008లో డెమొక్రాట్ల అభ్యర్థిత్వం కోసం ఒబామా మీద పోటీ పడినప్పుడు కూడా ఆ ఓటు తప్పని నోరు తెరిచి అనలేదు. 2014లో తన పుస్తకంలో పొరపాటు చేశానని సూటిగా రాశారు. ఒప్పుకోవడం మంచిదే, కానీ పన్నెండేళ్లు పట్టింది. ఇక ట్రంప్. 2002 సెప్టెంబర్‌లో ఒక రేడియో కార్యక్రమంలో ఇరాక్ మీద దాడికి మీరు సరేనా అని అడిగితే, సరేననుకుంటా అన్నట్టు జవాబిచ్చారు. 2016 ఎన్నికల్లో మాత్రం మొదటి నుంచీ తాను వ్యతిరేకినే అని చెప్పుకున్నారు. ఈ ముగ్గురిలో నాకు మరీ కష్టంగా తోచేది ఇదే. మాట మార్చడం ఒక ఎత్తు, అసలు ఆ మాటే అనలేదనడం ఇంకో ఎత్తు. ఈ మాటంటే పోర్టాయనకి కోపం వస్తుంది. క్లింటన్ ఆలస్యం సంగతి ఎత్తితే మాస్టారికీ వస్తుంది.

మరి మాట మీద నిలబడినవాళ్లో? బ్రిటన్‌లో అప్పటి ప్రధాని టోనీ బ్లెయిర్ ఉన్నారు. అక్కడి పార్లమెంటు 2003 మార్చి 18న 412–149 ఓట్లతో యుద్ధానికి ఒప్పుకుంది. ఇరాక్‌లో 179 మంది బ్రిటిష్ సైనికులు చనిపోయారు. 2016లో ఆ యుద్ధం మీద జరిగిన చిల్‌కాట్ విచారణ నివేదిక వచ్చాక బ్లెయిర్ చాలా బాధపడుతున్నానన్నారు, క్షమాపణ అన్న మాట కూడా వాడారు. అయినా మళ్లీ ఆ పరిస్థితే వస్తే అదే నిర్ణయం తీసుకుంటానన్నారు. ఆయన్ని మెచ్చుకునేవాళ్లు దీన్ని ధైర్యమంటారు. నేను అనలేను. ఆయుధాలు లేవని తేలాక కూడా మారని మనసుని నిలకడ అనడానికి నాకు నోరు రాదు. అదే ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న రాబిన్ కుక్ ఓటింగ్‌కి ఒక రోజు ముందు పదవికి రాజీనామా చేసి, ఎందుకు చేశారో సభలో నిలబడి చెప్పారు. ఆయనా మాట మార్చలేదు. కానీ ఆయన నిలకడకి కట్టిన మూల్యం సొంత పదవి.

ఈ గొడవ మన తెలుగువాళ్లకీ కొత్త కాదు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు మన కమ్యూనిస్టులు దాన్ని సామ్రాజ్యవాద యుద్ధమన్నారు. 1941 జూన్‌లో హిట్లర్ సోవియట్ రష్యా మీద పడ్డాడు. ఆ ఏడాది చివరికి వాళ్లకి అదే యుద్ధం ప్రజాయుద్ధమైంది. 1942లో కాంగ్రెస్‌వాళ్లు క్విట్ ఇండియా అని జైళ్లకు వెళ్తుంటే, పార్టీ మీద నిషేధం తొలగి కమ్యూనిస్టులు బయటికొచ్చారు. మాస్టారి నాన్నగారు కాంగ్రెస్ మనిషి, ఆ మాట ఎత్తితే చివరి రోజుల్లో కూడా మండిపడేవారట. అటు కమ్యూనిస్టులకీ ఒక జవాబుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ విశాఖ మీదే బాంబులు వేశాయి. ఊరు ఖాళీ చేసి జనం పల్లెలకు పరిగెత్తారు. ఫాసిజం గుమ్మంలోకి వచ్చిందనడం ఉత్తమాట కాదు. కాకపోతే వాళ్ల మాట మారింది విశాఖ మీద బాంబు పడ్డాక కాదు, అంతకు నెలల ముందే, రష్యా మీద దాడి జరిగాక. మాట మార్చినవాడి నిజాయితీ చూడాలంటే తేదీలు పక్కపక్కన పెట్టుకోవాలని నాకు నేర్పింది ఈ ఉదంతమే.

అలా తేదీలు పెట్టి చూసినా నిలబడే మనిషి నాకు వాల్టర్ జోన్స్. అమెరికా ప్రతినిధుల సభలో నార్త్ కరోలినా రిపబ్లికన్. ఇరాక్ యుద్ధానికి గట్టిగా ఓటేశాడు. ఫ్రాన్స్ కలిసిరాలేదన్న కోపంతో పార్లమెంటు క్యాంటీన్‌లో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు తీయించి ఫ్రీడమ్ ఫ్రైస్ అని పెట్టించినవాళ్లలో ఒకడు. అదే 2003లో తన నియోజకవర్గంలోని సైనిక స్థావరంలో ఒక జవాను అంత్యక్రియలకి వెళ్లాడు. భార్య అతని చివరి ఉత్తరం చదివింది. ఆ ఉత్తరం ఈయన మనసులో ఉండిపోయింది. 2005కల్లా సైన్యాన్ని వెనక్కి పిలవమని సొంత పార్టీ అధ్యక్షుడి మీదే నిలబడ్డాడు. పార్టీలోనే పోటీ పెట్టి ఓడించాలని చూశారు, జనం గెలిపించారు. 2019లో చనిపోయేదాకా చనిపోయిన సైనికుల కుటుంబాలకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు, పది వేలకు పైగా. తను వేసిన ఓటు తప్పని దాచుకోలేదు.

కాబట్టి నన్నడిగితే ముందు వరుసలో జోన్స్, రాబిన్ కుక్. ఒకడు మారాడు, ఇంకొకడు మారలేదు. ఆ తర్వాత కెర్రీ, క్లింటన్. బ్లెయిర్ కింద, ఆయనకీ కింద అన్న మాటే అనలేదన్నవాళ్లు.

ఇదంతా మొన్న ఆదివారం గాజువాకలో మా చిన్నాన్నకి చెప్పాను. ఆయన 1987లో సికింద్రాబాద్ నుంచి శ్రీలంక వెళ్లిన 54వ డివిజన్‌లో జవాను. అంతకు ముందు మన దేశమే శిక్షణ ఇచ్చిన తమిళ పులులతో (ఎల్టీటీఈ) ఆ అక్టోబర్‌లో జాఫ్నాలో యుద్ధం చేయాల్సి వచ్చింది. 1990 మార్చికి మన సైన్యం తిరిగొచ్చేసరికి సుమారు 1,200 మంది లేరు. చిన్నాన్న పిక్కలో ఇనప ముక్క తగిలిన గుంట ఇప్పటికీ వేలు పెడితే తెలుస్తుంది. తెల్ల పెయింట్‌తో నంబరు రాసిన రేకు ట్రంకు పెట్టె మంచం కింద ఉంది. అది బయటికి లాగి సెక్షన్ ఫోటో తీశాడు. పది మందిలో నలుగురి మీద పెన్సిల్‌తో చిన్న గీత పెట్టి ఉంది.

"ఆ అమెరికా ఆయన ఉత్తరాల మీద సంతకం తనే పెట్టేవాడా?" అని అడిగాడు.

తనే పెట్టేవాడన్నాను.

"పదివేలు" అని మెల్లగా అనుకుని, ఫోటో మళ్లీ బట్టల కింద పెట్టాడు.