ఎమెరీని మోశాం, ఆర్టెటాను తిట్టాం: కొత్త కోచ్‌ని ఎలా చూడటం మేలు?

లండన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆర్సెనల్‌కి ఫ్యాన్‌గా నేను ఇద్దరు కొత్త కోచ్‌ల రాక చూశాను. ఇద్దరి విషయంలోనూ మొదట అన్న మాట తర్వాత వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఉనాయ్ ఎమెరీ వచ్చిన నాలుగు నెలలకే నెత్తిన పెట్టుకున్నాం, ఏడాదిన్నరకు పంపించేయమన్నాం. మికెల్ ఆర్టెటాను ఏడాది తిరగకుండానే పీకేయమన్నాం, రెండేళ్ల తర్వాత మేమే, అంటే నాతో సహా, ఈయన్ని ఎవరైనా కదిలిస్తే ఊరుకోం అన్నాం. అందుకే అడుగుతున్నాను. కొత్త కోచ్ వచ్చినప్పుడు స్కోరు చూసి వెంటనే తేల్చేయడం మేలా, రెండు సీజన్లు ఆగి చూడటం మేలా?

ముందు ఎమెరీ సంగతి. 2018 మే నాటికి పాత కోచ్ ఆర్సెన్ వెంగర్‌కి ఆర్సెనల్‌లో 22 ఏళ్లు నిండుతున్నాయి, 2003-04లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మొత్తం ఓడకుండా గెలిపించిన మనిషికి చివరి రోజుల్లో సొంత ఫ్యాన్సే 'వెంగర్ అవుట్' అని బ్యానర్లు పట్టుకున్నారు. ఆ అలసటలో, స్పెయిన్ క్లబ్ సెవియ్యాకు వరుసగా మూడుసార్లు యూరోపా లీగ్ (యూరప్ క్లబ్‌ల రెండో స్థాయి టోర్నీ) గెలిపించిన ఎమెరీ వచ్చాడు. మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడాడు, ఆ తర్వాత అన్ని టోర్నీలూ కలిపి 22 మ్యాచ్‌లు ఓటమి లేదు. 2018 అక్టోబర్ 7, ఆదివారం సాయంత్రం మనకు నాలుగున్నరకు మొదలైన ఫుల్‌హామ్ మ్యాచ్ నాకింకా కళ్ల ముందే ఉంది, ఆరన్ రామ్సీ సబ్‌స్టిట్యూట్‌గా దిగిన కాసేపటికే, మా గోల్‌కీపర్ దగ్గర మొదలైన బంతి మైదానం మొత్తం దాటుకుంటూ వచ్చి అతని మడమ తగిలి నెట్‌లో పడింది. 5-1. మన ఆర్సెనల్ మనకు తిరిగొచ్చేసిందని స్టేడియంలో పాటలు, ఇక్కడ హైదరాబాద్‌లో మా గదిలో కేకలు.

కానీ ఆ రోజుల్లో మేమెవరం పట్టించుకోని విషయం ఒకటుంది. ఆ సీజన్ లీగ్‌లో మొదటి 17 మ్యాచ్‌లలో ఒక్కసారి కూడా ఆర్సెనల్ హాఫ్ టైమ్‌కి ముందంజలో లేదు! ఫుల్‌హామ్ మ్యాచ్‌లో కూడా విరామానికి 1-1. మేమేమో దాన్ని పొగడ్తగా మార్చుకున్నాం, చూశారా, సెకండాఫ్‌లో ఇద్దర్ని మార్చి ఎలా గెలిపిస్తున్నాడో అని. జట్టు మ్యాచ్‌ని సరిగ్గా మొదలుపెట్టలేకపోతోంది అనేదే అసలు మాట, అది స్కోరు కింద దాగిపోయింది. ఏప్రిల్‌లో ప్యాలెస్, వుల్వ్స్, లెస్టర్‌ల చేతిలో వరుసగా ఓడి, ఒక్క పాయింట్ తేడాతో, చాంపియన్స్ లీగ్‌కి (యూరప్ క్లబ్‌ల అతిపెద్ద టోర్నీ) తీసుకెళ్లే నాలుగో స్థానం పోగొట్టుకున్నాం, బాకులో యూరోపా ఫైనల్‌లో చెల్సీ చేతిలో 4-1. తర్వాతి సెప్టెంబర్‌లో వాట్‌ఫోర్డ్ మా మీద 31 షాట్లు కొట్టింది. నవంబర్ 28 రాత్రి మనకు ఒంటిగంటన్నరకు ఫ్రాంక్‌ఫర్ట్ మ్యాచ్ పెట్టుకుని కూర్చుంటే మైదానంలో సగానికి పైగా సీట్లు ఖాళీ. ఓడిపోయారు, మర్నాడే ఎమెరీని తీసేశారు.

తీసేయడం సరైనదే అని ఇప్పటికీ నా అభిప్రాయం. సరికానిది మేం అతని ఇంగ్లిష్‌ని వెక్కిరించడం. 'గుడ్ ఈవెనింగ్' అన్నప్పుడు అతని ఉచ్చారణ మీద ఎన్ని మీమ్స్ వచ్చాయో లెక్కలేదు, నేనూ నాలుగు ఫార్వర్డ్ చేశాను. ఆఫీస్ కాల్‌లో మన యాస విని అవతలివాడు నవ్వితే మనకెంత కాలుతుంది? జట్టు గెలుస్తున్నంతకాలం ముచ్చటగా అనిపించిన అదే యాస ఓడటం మొదలయ్యాక తప్పయిపోయింది. స్కోరు చూసి మనిషిని తూచితే వచ్చే పెద్ద నష్టం ఇదే, ఆటతో సంబంధం లేనివి కూడా లెక్కలోకి వచ్చేస్తాయి.

ఆర్టెటా కథ దీనికి తలకిందులు. 2019 డిసెంబర్‌లో వచ్చాడు, మా పాత కెప్టెనే, మాంచెస్టర్ సిటీలో కోచ్ గార్డియోలా దగ్గర అసిస్టెంట్‌గా పని నేర్చుకున్నవాడు. 2020 ఆగస్ట్ 1న, కోవిడ్ వల్ల ఖాళీగా ఉన్న వెంబ్లీ స్టేడియంలో చెల్సీని ఓడించి ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్ తెచ్చాడు, లీగ్‌లో మాత్రం ఎనిమిదో స్థానం. తర్వాతి సీజన్‌లో, ఆ డిసెంబర్‌కి 14 మ్యాచ్‌లలో 14 పాయింట్లు, 15వ స్థానం. ఎవర్టన్ చేతిలో ఓడిన రాత్రి మా గ్రూప్‌లో ఒకడు 'వీడి వల్ల కాదురా, రెలిగేట్ చేసేదాకా (కింది డివిజన్‌కి దించేదాకా) ఉంచుతారా ఏంటి' అని పెడితే కింద అందరం అవునవునని రాశాం. 2021 ఆగస్ట్‌లో ఇంకా ఘోరం, బ్రెంట్‌ఫోర్డ్, చెల్సీ, సిటీ, మూడూ ఓటములే, కొట్టిన గోల్ ఒక్కటీ లేదు, ఇచ్చినవి తొమ్మిది. టేబుల్‌లో అట్టడుగున ఉన్నాం.

ఈసారి మాత్రం ఓపికగా చూసినవాళ్లకు కనిపించేది చాలా ఉంది. 2020 డిసెంబర్ 26న చెల్సీ మీద సాకా, స్మిత్ రో, మార్టినెల్లి ముగ్గుర్నీ మొదటి నుంచీ దింపాడు. ముగ్గురూ కుర్రాళ్లు, బంతి పోతే మళ్లీ లాక్కునేదాకా వదలకుండా పరిగెత్తారు, 3-1 గెలిచాం. ఆ మ్యాచ్ చూస్తూ, నెలలుగా ఈయన చెబుతున్నది ఇదన్నమాట అని నాకు మొదటిసారి అర్థమైంది. జీతం ఎంత పెద్దదైనా, పేరెంత పెద్దదైనా పద్ధతి దాటితే పక్కన పెట్టాడు, 2021 డిసెంబర్‌లో స్ట్రైకర్ ఒబమెయాంగ్ కెప్టెన్సీనే తీసేశాడు. అంతకుముందు వేసవిలో కొన్న ఆరుగురూ, ఒడెగార్డ్, వైట్, రామ్స్‌డేల్‌తో సహా, 23 ఏళ్లో అంతకంటే తక్కువో. ఎనిమిదో స్థానంలో ఉన్న క్లబ్ కుర్రాళ్ల మీద అంత డబ్బు పెట్టిందంటే ఎక్కడికి వెళ్లాలనుకుంటోందో తెలిసిపోతుంది. ఎమెరీ ఏడాదిన్నరలో ఆ దారి నాకు ఎప్పుడూ కనిపించలేదు, దానికి పైనున్న యాజమాన్యం బాధ్యతా ఉంది, 2019లో 7.2 కోట్ల పౌండ్లు పెట్టి కొన్న పెపే దేనికో అప్పుడెవరూ సరిగ్గా చెప్పలేకపోయారు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ఆ 2020-21 సీజన్ దాదాపు మొత్తం ఖాళీ స్టేడియాల్లో నడిచింది. అరవై వేల మంది ప్రతి వారం ఈలలు వేసి వెళ్లిపోతూ ఉంటే యాజమాన్యం అంత నిబ్బరంగా ఉండేదా? నాకు నమ్మకం లేదు. ఆర్టెటాకి దొరికిన ఆ నిశ్శబ్దం ఎమెరీకి దొరకలేదు.

ఇది చదివి చెల్సీ ఫ్యాన్స్ ఊరుకోరని తెలుసు. 2021 జనవరిలో కోచ్ లాంపార్డ్‌ని తీసేసి టుచెల్‌ని తెచ్చారు, మే 29న పోర్టోలో చాంపియన్స్ లీగ్ గెలిచారు, ఓపిక పట్టి ఉంటే ఆ కప్పు వచ్చేదా అంటారు. వచ్చేది కాదు. కానీ అదే టుచెల్‌ని 2022 సెప్టెంబర్‌లో పంపించి, తర్వాత వచ్చిన పాటర్‌ని ఏప్రిల్‌లో పంపించి, ఆ సీజన్ 12వ స్థానంలో ముగించారు కదా. జట్టులో సరుకుండి దారి తప్పితే కోచ్‌ని మార్చడం పని చేస్తుంది. జట్టునే మళ్లీ కట్టాల్సి వస్తే ఎంతమందిని మార్చినా మొదటి మెట్టు దగ్గరే ఉంటాం. మాది రెండో పరిస్థితి.

కాబట్టి నా ఓటు ఆగి చూడటానికే, కళ్లు తెరుచుకుని. గెలుస్తున్నప్పుడు ఫస్టాఫ్‌లు చూడాలి, ఓడుతున్నప్పుడు ఎవర్ని ఆడిస్తున్నాడో, ఎవర్ని పక్కన పెడుతున్నాడో చూడాలి. 2025 వేసవికి ఆర్టెటా వరుసగా మూడోసారి రెండో స్థానంలో ఆగాక మా గ్రూప్‌లో మళ్లీ గొణుగుడు మొదలైంది. ఆ గొణుగుడులో న్యాయం లేదని నేననను, కట్టిన జట్టుతో కప్పు గెలవడం వేరే పరీక్ష. కానీ ఆ ఏప్రిల్‌లో రియల్ మాడ్రిడ్‌ని ఇంటా బయటా ఓడించిన జట్టు, నాలుగేళ్ల కిందట బ్రెంట్‌ఫోర్డ్ దగ్గర బిక్కమొహం వేసుకున్న జట్టు ఒకే కోచ్‌వి. ఆ తేడా లెక్కలో పెట్టకుండా మాట్లాడితే నేను ఒప్పుకోను.

ఎమెరీ విషయంలోనూ నా లెక్క మారింది. మా దగ్గర పనికిరాలేదన్నాం కదా, స్పెయిన్ క్లబ్ విల్యారియాల్‌కి వెళ్లి 2021లో సెమీస్‌లో మమ్మల్నే ఓడించి యూరోపా లీగ్ గెలిచాడు, తర్వాత ఇంగ్లండ్‌లోనే ఆస్టన్ విల్లాను నాలుగో స్థానానికి తెచ్చాడు. 2024 ఏప్రిల్ 14 రాత్రి తొమ్మిదికి మా స్టేడియానికి విల్లా జట్టుతో వచ్చాడు. మేం టైటిల్ రేసులో ఉన్నాం, 84వ నిమిషం దాకా 0-0, ఆ తర్వాత మూడు నిమిషాల్లో రెండు గోల్స్. టీవీలో అతని ముఖం చూపించినప్పుడు మా గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ సీజన్ సిటీకి 91 పాయింట్లు, మాకు 89, విల్లా రెండు మ్యాచ్‌లలో మా దగ్గర లాక్కున్నవి ఆరు.