చేపల లెక్కకి వల మేలా, నీళ్లలో మైకు మేలా?

"వల వేస్తే చేప చేతికొస్తుంది. ఈ వైరు వేస్తే ఏమొస్తుంది సార్?" కృష్ణ ఒడ్డున సీతానగరం రేవులో వల చిరుగులు కుట్టుకుంటున్న బాబాయ్ ఒకాయన నన్ను అడిగాడు. నా చేతిలో ఉన్నది హైడ్రోఫోన్, అంటే నీళ్లలో పనిచేసే మైకు. చేపల చప్పుళ్లు రికార్డు చేస్తే ఏది ఎక్కడుందో, ఏం చేస్తోందో తెలుస్తుందని చెప్పాను. ఆయనేం ఆశ్చర్యపోలేదు. "జెల్ల అరుస్తుందిగా, మాకు తెలుసు" అన్నాడు.

నిజమే. వల్లోంచి తీసేటప్పుడు జెల్ల కిర్రుకిర్రుమంటుంది, నూనె వేయని తలుపు మడతబందులాగా. పక్క రెక్క ముందుండే ముల్లుని దాని గూట్లో రాపాడించి ఆ చప్పుడు చేస్తుంది. విందామని మరీ చెవి దగ్గర పెట్టుకోకండి, ఆ ముల్లు దిగితే పూటంతా సలుపుతుంది.

ముందు వల సంగతి. విసురు వల వేసి లాగితే పది నిమిషాల్లో ఏ జాతో, ఎంత పొడుగో, ఎంత బరువో, కడుపులో గుడ్డుందో లేదో అన్నీ తేలిపోతాయి. ఈ జవాబుల్లో సగం కూడా ఏ మైకూ ఇవ్వలేదు. కానీ వల చెప్పేది కూడా పూర్తి నిజం కాదు. కన్ను సైజుని బట్టి చిన్నవి జారిపోతాయి, అడుగున రాళ్లుంటే వలే చిరుగుతుంది. పైగా ఈ రాత్రి వల పడ్డ చోట చేపలు బెదిరిపోతాయి, రేపు అక్కడ దొరికే లెక్క వేరు. పట్టిన చేపల్లో కొన్ని బతకవు కూడా.

మైకు బలం వేరే చోట ఉంది. చేపలు ఊరికే అరవవు. చాలా జాతుల్లో మగవి ఆడవాటిని పిలవడానికో, హద్దు కోసం పోట్లాటలోనో పలుకుతాయి. కాబట్టి ఒక చోట రాత్రంతా పలుకులు వినిపిస్తే అక్కడ గుడ్లు పెట్టే కాలం నడుస్తోందని అనుకోవచ్చు. మెక్సికోలో కొలరాడో నది సముద్రంలో కలిసేచోట కొర్వీనా చేపలు ఏటా లక్షల్లో చేరతాయి. వాటి హోరు సముద్రపు క్షీరదాల వినికిడికే దెబ్బ తగిలేంత ఉంటుందని 2017లో అక్కడ కొలిచినవాళ్లు రాశారు. అలాంటి చోట వలతో పనే లేదు, మైకు చాలు.

మరి మన కృష్ణలో? ఇక్కడే తిరకాసు. రేవులో బుట్టలు నింపే బొచ్చె, శీలావతి లాంటివి పెద్దగా పలికే జాతులు కావు. తమాషా ఏంటంటే అవి వినడంలో మాత్రం మహా ఘటికులు. గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న చిన్న ఎముకల వరస ఒకటి వాటికి ఉంటుంది, 1820లో వెబర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దాన్ని వివరించాడు. మన మాటలు వింటాయి, బదులు పలకవు. కాబట్టి రికార్డింగ్ నిశ్శబ్దంగా ఉందని ఇక్కడ చేపల్లేవంటే అబద్ధమే అవుతుంది. ప్రపంచంలో 34 వేలకు పైగా చేప జాతులుంటే, పలుకుతాయని రుజువైనవి సుమారు వెయ్యి. మన దగ్గర మైకుకి దొరికేవి ముఖ్యంగా జెల్లలు, జత కట్టే కాలంలో మగ తిలాపియాలు.

ఇక చప్పుళ్ల గొడవ. ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే పీజో బిళ్లకి (అదురుని కరెంటుగా మార్చే బిళ్ల) వైరు అతికించి, నీళ్లు చొరకుండా ఎపాక్సీ జిగురు పూసి నేనే ఒక మైకు చేసుకున్నాను. నాటు పడవ అంచు నుంచి వేలాడదీస్తే మొదటి రాత్రి వినిపించిందల్లా పడవని కొట్టే అలల చప్పుడే. తర్వాత ఇటుక కట్టి అడుగుకి దించాక కాస్త నయం. లోతు తక్కువైతే ఇంకో చిక్కు: రెండు మీటర్ల నీళ్లలో సుమారు 200 హెర్ట్జ్‌కి (అంటే సెకనుకి 200 కంపనాలకి) దిగువనున్న శబ్దం దూరం పోలేదు. చేపల పలుకులు చాలావరకు వెయ్యి హెర్ట్జ్ లోపే, కొన్నయితే ఆ 200 కిందే ఉంటాయి. అందుకే చేప మైకు పక్కనే ఉండాలి. ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తితే ఇక అంతే, నీళ్ల రొద తప్ప ఏమీ ఉండదు. 2024 సెప్టెంబర్‌లో 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో ఏ మైకు పెట్టినా దండగే.

ఖర్చు కంటే నిల్వ పెద్ద టెన్షన్. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48 వేల సార్లు శబ్దాన్ని కొలిచే) 16 బిట్ రికార్డింగ్ అయితే గంటకి 345 ఎంబీ, రోజుకి 8 జీబీ పైనే. చేపల కోసమే అయితే 8 కిలోహెర్ట్జ్ సరిపోతుంది, అందులో ఆరో వంతే పడుతుంది. ఇది తెలియక నేను రెండు కార్డులు నింపేశాను.

కెమెరా సంగతి రెండు ముక్కల్లో: నీళ్లు తేటగా ఉన్న నెలల్లో పనికొస్తుంది, ఎర్రనీరు వస్తే మూసేయడమే. నీళ్లలోకి శబ్దం పంపి ప్రతిధ్వని పట్టే ఎకో సౌండర్ గుంపు ఎంతుందో చూపిస్తుంది కానీ అది బొచ్చో, తిలాపియానో చెప్పదు.

మైకు నిజంగా గెలిచే చోటు నదిలో కాదు, రొయ్యల చెరువులో. వనామీ రొయ్య మేత గుళికని కొరికినప్పుడు దవడలు టిక్కుటిక్కుమంటాయి. ఆ టిక్కులు వేల హెర్ట్జ్‌లో ఉంటాయి కాబట్టి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల హోరు నుంచి విడదీయడం కాస్త సులువు. టిక్కులు ఉన్నంతసేపు మేత వదిలి, తగ్గగానే ఆపే యంత్రాలు ఇప్పటికే ఉన్నాయి. మేత ఎంత మిగిలిందో చూడ్డానికి చెరువులో దించే చెక్ ట్రే అయితే మేత వేసిన గంటకో రెండు గంటలకో గానీ సంగతి చెప్పదు. సాగు ఖర్చులో మేతదే పెద్ద వాటా, అందుకే పదుల ఎకరాలున్న రైతుకి మైకే మేలు. రెండెకరాల చెరువుకి మాత్రం ట్రే చాలు, ఆ డబ్బు పిల్లల ఫీజుకి ఉంచుకోవచ్చు.

నదికి నా ఓటు వలకే. మైకు దాని పక్కన ఉండాలి, గుడ్లు పెట్టే కాలంలో జెల్లల చోటు పట్టుకోవడానికి. ఆ పక్కన చెవి తెలిసిన మనిషి కూడా ఉండాలి. రెండు రాత్రుల కిర్రుకిర్రులు రికార్డు చేసి, జెల్లల గుంపే దొరికిందని సంబరంగా బాబాయ్ చెవులకి హెడ్‌ఫోన్స్ పెట్టాను. అర నిమిషం విని తీసేశాడు.

"చేప కాదు సార్. లంగరు తాడు రాసుకుంటోంది."