ఫ్రోబెర్గర్ కోసం ఇటాలియన్ హార్ప్సికార్డ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

జర్మనీలో మా ఇంట్లో ఉన్నది 17వ శతాబ్దపు ఇటాలియన్ నమూనాలో కొత్తగా చేసిన హార్ప్సికార్డ్: మీట నొక్కితే లోపల తీగను మీటే, పియానోకు ముందటి వాద్యం. ఒకే వరుసలో 45 మీటలు, ఇత్తడి తీగలు, పలుచని సైప్రస్ చెక్క పెట్టె. ఇద్దరు కలిస్తే సులువుగా ఎత్తవచ్చు. దీనిమీద నేను ఎక్కువగా వాయించేది జర్మన్ స్వరకర్త యోహాన్ యాకోబ్ ఫ్రోబెర్గర్ (1616–1667) రచనలు. బాఖ్ కోసం కొనాలనుకునేవారు మరో వాద్యం చూసుకోవడం మేలు. ఆయనకు కావలసిన మంద్రస్వరాలు కొన్ని ఇందులో లేనే లేవు.

పాశ్చాత్య స్వరాల పేర్లలో చెబితే, ఎడమ చివరి మీట చూడటానికి ‘ఇ’, పలికేది ‘సి’. ఆ చివరే ఉన్న ఎఫ్ షార్ప్ మీటలో ‘డి’, జి షార్ప్ మీటలో ‘ఇ’ పలుకుతాయి. దీన్నే షార్ట్ ఆక్టేవ్ (కుదించిన స్థాయి) అంటారు. మొదట్లో వేళ్లు తికమకపడతాయి. అలవాటయ్యాక, పియానో మీద నా ఎడమచేతికి అందని పదో స్వరం ఇక్కడ ఆక్టేవ్ చాపులోనే అందుతోంది.

శ్రుతి క్వార్టర్ కామా మీన్‌టోన్, అంటే గాంధారం తేటగా కలిసేలా స్వరాలను సర్దే పాత పద్ధతి. సి, ఇ కలిపి పలికితే తంబురాలో తనంతట తానే వినిపించే అంతర గాంధారమే: నిష్పత్తి 5:4. పియానోలో ఆ స్వరం దాదాపు 14 సెంట్లు (సెంటు అంటే పియానో అర్ధస్వరంలో నూరో వంతు) ఎక్కువగా ఉంటుంది. కానీ ఈ సుఖం ఊరికే రాదు. జి షార్ప్‌కూ ఎ ఫ్లాట్‌కూ 41 సెంట్ల తేడా, ఉన్నది ఒకే మీట. 1657లో మరణించిన చక్రవర్తి మూడో ఫెర్డినాండ్ కోసం రాసిన ఫ్రోబెర్గర్ ఎఫ్ మైనర్ విలాపం వాయించాలంటే ఆ జి షార్ప్ తీగలన్నీ ఎ ఫ్లాట్ దాకా పైకి బిగించాలి, సి షార్ప్ తీగలను కూడా. కచేరీలో అయితే దాన్ని విరామం తర్వాతే పెట్టుకోండి. లేకపోతే మీరు తీగలు బిగిస్తుండగా శ్రోతలు ఫోన్లు బయటికి తీస్తారు.

ఎంత గట్టిగా నొక్కినా నాదం పెద్దగా పెరగదు. శోకమంతా కాలంలోనే పలికించాలి: స్వరాల గుత్తిని ఎంత నెమ్మదిగా విప్పుతాం, దేన్ని ఎంతసేపు పట్టి ఉంచుతాం అన్నదే వాయించడంలోని కళ. నాదం చురుగ్గా పుట్టి త్వరగా ఆరిపోతుంది. రోమ్‌లో స్వరకర్త ఫ్రెస్కోబాల్డి దగ్గర నేర్చుకున్న ఫ్రోబెర్గర్ టొకాటాలకు, అంటే స్వేచ్ఛగా సాగే రచనలకు, అది వరం. నెమ్మదిగా నడిచే నాట్యరీతి రచనలైన అలమాండ్లకు మాత్రం లోటే.

చలికాలంలో గది వేడికి చెక్క ఎండి శ్రుతి జారుతుంది, తేమ యంత్రం తప్పనిసరి. తీగను మీటే ప్లాస్టిక్ ముక్కలు (ప్లెక్ట్రమ్‌లు) బాగా నిలుస్తున్నాయి. తీగల్లో ఒక వరుసకు వాటి బదులు పెట్టించిన కాకి ఈకలు మెత్తగా పలుకుతాయి గానీ తరచూ విరుగుతాయి.

మళ్లీ చేయించుకుంటే చీలిక మీటలు అడుగుతాను: ముందు సగం జి షార్ప్, వెనక సగం ఎ ఫ్లాట్. అప్పటి ఇటలీలో అలాంటివి చేసేవారు. ధర పెరుగుతుంది, పెరగనివ్వండి.